పరిశ్రమల పొగ ఎన్ని టన్నులు? ఉపగ్రహం లెక్క, నేల మీది లెక్క

సంక్షిప్తంగా: ఒక పరిశ్రమ ఎన్ని టన్నుల కాలుష్యాన్ని గాలిలోకి వదులుతోందో చెప్పే అంకె మూడు దారుల్లో వస్తుంది. ఇంధనం, ఉత్పత్తి వివరాలతో కట్టే లెక్క ఒకటి. చిమ్నీలోను, పరిసరాల్లోను పెట్టిన పరికరాల కొలత రెండోది. ఉపగ్రహం చూసిన వాయువు మొత్తం నుంచి వెనక్కి వెళ్లి రాబట్టే అంచనా మూడోది. ఈ మూడింటి లోపాలూ వేరువేరు. పెద్ద వనరులను బయటపెట్టడంలో, ఏళ్ల తరబడి వచ్చిన మార్పును పట్టుకోవడంలో ఉపగ్రహానిది పైచేయి. ఒక్క రోజు, ఒక్క చిమ్నీ, రాత్రివేళ వంటి ప్రశ్నలకు నేల మీది పరికరాలే దిక్కు. అంకెలు పొసగనప్పుడు ఎవరిది అబద్ధం అని అడిగే ముందు, ఏ ఊహ దగ్గర దారులు విడిపోయాయో వెతకాలి.

గాఢత వేరు, ఉద్గారం వేరు

కాలుష్యం గురించి వార్త వచ్చినప్పుడల్లా దానితోపాటు ఒక ఉపగ్రహ పటం రావడం ఇప్పుడు మామూలైంది. అందులో ఎర్రగా ఉన్న చోటే ఎక్కువ పొగ వదులుతున్న చోటని పాఠకులు అనుకోవడం సహజం. నిజానికి ఆ పటం చూపేది ఆ సమయానికి గాలిలో నిలిచి ఉన్న వాయువు మొత్తాన్ని మాత్రమే. ఉద్గారం, అంటే వనరు బయటికి వదిలే కాలుష్యం, కాలంతో ముడిపడిన లెక్క: గంటకు ఇన్ని కిలోలు, ఏడాదికి ఇన్ని టన్నులు. గాఢత ఆ క్షణానికి ఉన్న నిల్వ: ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములు. అడుగున చిల్లున్న తొట్టిలో నీటిమట్టం ఒక్కటే చూసి, పైన కుళాయి ఎంత జోరుగా పారుతోందో చెప్పలేం. చిల్లు ఎంతదో కూడా తెలియాలి. వాతావరణంలో ఆ చిల్లు రెండు రకాలు. గాలి కాలుష్యాన్ని మోసుకుపోతుంది. రసాయన చర్యల వల్లనో, వర్షం వల్లనో, నేలకు అంటుకోవడం వల్లనో ఆ వాయువు దానంతటది తరిగిపోతుంది కూడా.

ఒకే పరిశ్రమ ఒకే మోతాదులో పొగ వదులుతున్నా, సెకనుకు 8 మీటర్ల వేగంతో గాలి వీచే రోజుతో పోలిస్తే 2 మీటర్ల వేగంతో వీచే రోజున ఆ పొగ సుమారు నాలుగింతలు చిక్కగా కనిపిస్తుంది. పరిశ్రమలో ఏదీ మారలేదు, మారింది వాతావరణమే. గాఢత నుంచి ఉద్గారాన్ని రాబట్టే పద్ధతులన్నీ ఈ రెంటినీ విడదీయడానికి పుట్టినవే.

కాగితం మీద కట్టే లెక్క

అన్నిటికంటే పాత పద్ధతి, ఇప్పటికీ ప్రభుత్వ నివేదికలకు ఆధారం, కాగితం మీది లెక్క. ఎంత ఇంధనం కాల్చారు, ఎంత సరుకు తయారుచేశారు అన్న అంకెను ఒక ఉద్గార గుణకంతో (టన్ను ఇంధనానికో సరుకుకో ఎంత కాలుష్యం వెలువడుతుందో చెప్పే అంకెతో) హెచ్చిస్తారు. సల్ఫర్ డయాక్సైడ్ విషయంలో ఇది చాలావరకు నమ్మదగినదే, ఎందుకంటే బొగ్గులో ఉన్న గంధకం ఎక్కడికీ మాయం కాదు. 0.5 శాతం గంధకం ఉన్న బొగ్గును ఒక విద్యుత్ కేంద్రం రోజుకు 10,000 టన్నులు కాల్చిందనుకుంటే, అందులో గంధకం 50 టన్నులు. గంధకం పరమాణు భారం 32. దానితో కలిసే రెండు ఆక్సిజన్ పరమాణువుల భారం కూడా 32. కాబట్టి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ దాదాపు 100 టన్నులు. బూడిదలో చిక్కుకునే కొద్దిపాటి గంధకాన్ని మాత్రం తీసేయాలి.

తేడా వచ్చేది ఆ తర్వాతే. పొగలోని గంధకాన్ని 90 శాతం తొలగించే యంత్రం ఉందని రాసుకుంటే రోజువారీ ఉద్గారం 10 టన్నులకు పడిపోతుంది. అదే యంత్రం నడవాల్సిన సమయంలో పదో వంతు ఆగిపోయి, ఆ సేపూ పొగ నేరుగా చిమ్నీలోకి వెళ్లిందనుకుంటే ఉద్గారం 19 టన్నులవుతుంది. పది శాతం విరామం మొత్తం కాలుష్యాన్ని దాదాపు రెట్టింపు చేసింది. శుద్ధి యంత్రం ఎంత సమర్థంగా పనిచేస్తుందో కాగితంలో ఉంటుంది. ఎన్ని గంటలు నిజంగా నడిచిందో తరచుగా ఉండదు. ఉపగ్రహాల అంచనాలకు, అధికారిక నివేదికలకు మధ్య కనిపించే అంతరాల్లో ఈ రకం కారణం ముందుగా చూడదగినది.

నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్క ఇంత సులువు కాదు. అవి ఇంధనంలోని నైట్రోజన్ నుంచే కాక, మంట వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలవడం వల్ల కూడా పుడతాయి. కొలిమి ఉష్ణోగ్రత, గాలి పాళ్లు మారితే ఉద్గారం మారుతుంది. ఆవిరయ్యే సేంద్రియ పదార్థాల సంగతి మరీ కష్టం. చమురు శుద్ధి కర్మాగారంలో వేల సంఖ్యలో ఉండే వాల్వులు, అతుకులు, నిల్వ ట్యాంకుల మూతల నుంచి అవి కొంచెం కొంచెంగా కారుతుంటాయి. అన్నీ సరిగా పనిచేస్తే ఇంత అని గుణకం చెబుతుంది. ఒక్క ట్యాంకు మూత సరిగా బిగియకపోతే ఆ గుణకానికి అర్థం పోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ వాడే ఏపీ-42 అనే గుణకాల సంకలనం ప్రతి గుణకానికీ ఏ నుంచి ఈ వరకు నాణ్యతా శ్రేణి ఇస్తుంది. తర్వాత ఆ గుణకాన్ని వాడుకునే నివేదికల్లో మాత్రం ఆ శ్రేణి చాలాసార్లు రాలిపోయి, అంకె ఒక్కటే మిగులుతుంది.

చిమ్నీ లోపల, కంచె పక్కన

నేల మీది కొలతల్లో మొదటిది చిమ్నీలోనే అమర్చే నిరంతర పర్యవేక్షణ పరికరం. ఇది వాయువు గాఢతను, పొగ ప్రవాహ వేగాన్ని కలిపి గంటకు ఎన్ని కిలోలో చెబుతుంది. అమెరికాలో 1990 నాటి స్వచ్ఛ వాయు చట్ట సవరణల తర్వాత పెద్ద విద్యుత్ కేంద్రాలకు ఇది తప్పనిసరైంది. రాత్రీ పగలూ, మబ్బున్నా ఎండున్నా కొలవగలగడం దీని బలం. క్యాలిబ్రేషన్ క్రమం తప్పకుండా చేసి, ప్రమాణ వాయువుతో సరిచూసి, వేరే పరికరంతో పోల్చినంత కాలం దీనికి సాటి లేదు. అయితే ఇది తానున్న గొట్టంలోంచి వెళ్లేదాన్ని మాత్రమే చూస్తుంది. పక్క దారిన మళ్లించిన పొగ, పైకప్పు సందుల్లోంచి లేచే దుమ్ము, అతుకుల్లోంచి కారే ఆవిరి దీని లెక్కలోకి రావు. పైగా పరికరం నడిపేది ఆ పరిశ్రమే.

ఈ లోటును పూడ్చడానికి వచ్చినవే కంచె వెంబడి కొలతలు. అమెరికాలో చమురు శుద్ధి కర్మాగారాల కంచె చుట్టూ చిన్న గొట్టాలు పెట్టి, రెండేసి వారాలకోసారి వాటిలో పోగైన బెంజీన్‌ను కొలవాలన్న నిబంధన 2015లో వచ్చింది. ప్రతి విడతలో అత్యధిక, అత్యల్ప కొలతల మధ్య తేడాను తీసుకుంటారు. వాటి వార్షిక సగటు ఘనపు మీటరుకు 9 మైక్రోగ్రాములు దాటితే, కారణం వెతికి సరిచేయాలి. తేడాను తీసుకోవడంలో మంచి ఆలోచన ఉంది: బయటి నుంచి గాలితో వచ్చిన బెంజీన్ అన్ని గొట్టాల్లోనూ ఉంటుంది కాబట్టి అది కొట్టుకుపోయి, లోపల పుట్టిందే మిగులుతుంది. వాహనంలో వర్ణపటమాపకం (కాంతిని రంగులుగా విడదీసి కొలిచే పరికరం) పెట్టుకుని పరిశ్రమకు గాలివాలున ఉన్న రోడ్డు మీద పొగ కింది నుంచి అడ్డంగా వెళ్లడం మరో పద్ధతి. పొగ అడ్డుకోత మొత్తాన్ని అలా కొలిచి గాలివేగంతో హెచ్చిస్తే ఉద్గారం వస్తుంది. ఉపగ్రహ పద్ధతి కూడా మూలంలో ఇదే, చూపు పైనుంచి ఉంటుందంతే.

ఉపగ్రహం నిజంగా చూసేది

ఉపగ్రహ పరికరం ఏ వాయువునూ నేరుగా తాకదు. సూర్యకాంతి వాతావరణంలోంచి కిందికి దిగి, నేలను తాకి, మళ్లీ పైకి వచ్చేటప్పుడు ఏయే తరంగదైర్ఘ్యాల దగ్గర ఎంత కాంతి తగ్గిందో కొలుస్తుంది. ఒక్కో వాయువుకు ఒక్కో శోషణ ముద్ర ఉంటుంది. 2017 అక్టోబరులో ప్రయోగించిన ఐరోపా సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం చేసే పని ఇదే. స్థానిక సౌరకాలం ప్రకారం మధ్యాహ్నం 1.30 ప్రాంతంలో రోజుకు ఒకసారి దాదాపు భూమి అంతటినీ చూస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్‌కు దీని ఒక్కో గడి (ఒక్క కొలత కింద వచ్చే నేల ముక్క) 2019 ఆగస్టు నుంచి సుమారు 5.5 కి.మీ. పొడవు, 3.5 కి.మీ. వెడల్పు. 2004లో ప్రయోగించిన ఆరా ఉపగ్రహంలోని ఓఎంఐ పరికరంలో గడి, సరిగ్గా ఉపగ్రహం కిందే ఉన్నప్పుడు కూడా, 13 కి.మీ.కు 24 కి.మీ. ఈ తేడా వల్లే ఇంతకుముందు ఒకే మచ్చగా కనిపించిన పారిశ్రామిక ప్రాంతాలు ఇప్పుడు విడివిడి వనరులుగా తేలుతున్నాయి.

వచ్చిన కాంతి వాలుదారిలో ప్రయాణించింది కాబట్టి, ఆ దారి పొడవునా ఉన్న వాయువును నేల నుంచి పైకి నిలువుగా ఉన్న వాయువుగా మార్చాలి. అసలు అనిశ్చితి ఇక్కడే దూరుతుంది. నేలకు దగ్గరగా ఉన్న వాయువు ఉపగ్రహానికి మసకగా కనిపిస్తుంది, ఎందుకంటే పైనున్న గాలి చాలా కాంతిని నేల దాకా దిగకముందే వెనక్కి చెదరగొడుతుంది. ఆ వాయువు ఏ ఎత్తులో ఎంత ఉందో ఒక కంప్యూటర్ నమూనా నుంచి ముందే ఊహించుకుని సరిదిద్దుతారు. ఆ నమూనా గడులు పెద్దవైతే, ఒక్క చోట నేలబారుగా పేరుకున్న పొగ నమూనాలో పలచబడిపోతుంది, దాంతో ఉపగ్రహం ఇచ్చే అంకె కూడా తగ్గుతుంది. ట్రోపోమి తొలి రూపాల సమాచారాన్ని నేల మీది పరికరాలతో పోల్చి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, కాలుష్యం అత్యధికంగా ఉన్న చోట్ల నైట్రోజన్ డయాక్సైడ్ సుమారు సగం తక్కువగా నమోదైనట్లు తేలింది. తర్వాతి రూపాల్లో ఈ లోటును కొంత సరిచేశారు. ఉపగ్రహం ఎప్పుడూ ఎక్కువ చేసి చూపుతుందన్న అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది. పారిశ్రామిక ప్రాంతాల నైట్రోజన్ డయాక్సైడ్ వరకు వాస్తవం దానికి వ్యతిరేకం.

నల్లమబ్బు ఉంటే కింద ఏముందో కనిపించదు. కాబట్టి సగటులోకి వచ్చేవి మబ్బులేని రోజులే. రాత్రి కొలత అసలే ఉండదు.

మచ్చ నుంచి టన్నుల దాకా

లెక్క విధానం చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక కర్మాగారం నుంచి పొగచార తూర్పుకు సాగుతోంది. దానికి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా ఒక గీత గీసి, ఆ గీత వెంబడి పరిసరాల కంటే అదనంగా ఉన్న వాయువునంతా కూడితే, పొగచార పొడవులో ప్రతి మీటరుకు 0.2 కిలోలు వచ్చిందనుకుందాం. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తుంటే ఆ గీతను సెకనుకు 1 కిలో దాటుతోందన్నమాట. అంటే గంటకు 3.6 టన్నులు, రోజుకు 86.4 టన్నులు. ఈ లెక్కలో గాలివేగం నేరుగా గుణకంగా ఉంది. అది 30 శాతం తప్పితే ఉద్గారమూ అంతే తప్పుతుంది. అదీ ఏ ఎత్తులోని గాలివేగం? 200 మీటర్ల చిమ్నీ నుంచి వేడిగా లేచిన పొగ ఇంకా పైకి పోతుంది. అక్కడి గాలి నేల మీది గాలి కంటే జోరైనది. సాధారణంగా వాడే ఈఆర్‌ఏ-5 వాతావరణ సమాచారపు గడి సుమారు 31 కి.మీ. ఉంటుంది కాబట్టి, తీరప్రాంతంలోనో కొండల నడుమనో ఉన్న పరిశ్రమకు అది చెప్పే గాలి నమ్మదగినది కాకపోవచ్చు. గాలివేగాన్ని కొలిచే స్తంభం ఒకటి దగ్గర్లో ఉంటే ఉపగ్రహ అంచనా నాణ్యత ఎంతో మెరుగుపడటానికి కారణం ఇదే.

తర్వాత వాయువు ఆయుష్షు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ బాగా ఉన్నప్పుడు కొన్ని గంటల్లోనే తరిగిపోతాయి, శీతాకాలంలో ఎక్కువసేపు నిలుస్తాయి. నగరం నుంచి గాలివాలున దూరం వెళ్లేకొద్దీ వాయువు ఎలా తగ్గుతోందో చూసి, ఆయుష్షును, ఉద్గారాన్ని ఒకేసారి రాబట్టే పద్ధతి 2011లో వచ్చింది. అందులో రియాద్ నగరానికి ఆయుష్షు పగటిపూట సుమారు 4 గంటలుగా తేలింది. గాలివాలున తగ్గుదల వేగంగా ఉంటే ఆయుష్షు తక్కువ, నెమ్మదిగా ఉంటే ఎక్కువ. ఏ రసాయన నమూనానూ నమ్ముకోకుండా కొలత నుంచే ఈ రెంటినీ విడదీయడం ఆ పద్ధతి గొప్పతనం. ఏ రోజు గాలి ఎటు వీచినా, ఆ రోజు చిత్రాన్ని వనరు చుట్టూ తిప్పి పొగచారలన్నీ ఒకే దిక్కుకు వచ్చేలా పేర్చి సగటు తీసే ఉపాయం కూడా ఇప్పుడు వాడుకలో ఉంది. ఒక్క రోజు చిత్రంలో కొలత హెచ్చుతగ్గుల్లో కలిసిపోయే చిన్న వనరు, వందల రోజుల సగటులో తేలుతుంది. మూల్యం ఏమిటంటే ఏ రోజు ఏం జరిగిందన్న సమాచారం అందులో కరిగిపోతుంది.

ఇంకో చిక్కు చిమ్నీ దగ్గరే ఉంది. చిమ్నీ నుంచి వెలువడేది ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్. ఉపగ్రహం చూడగలిగేది నైట్రోజన్ డయాక్సైడ్. మొదటిది గాలిలోని ఓజోన్‌తో కలిసి రెండోదిగా మారడానికి కొంత సమయం, కొంత దూరం కావాలి. పొగ చిక్కగా ఉన్నచోట ఓజోన్ చాలక ఈ మార్పు ఆలస్యమవుతుంది. అందువల్ల చిమ్నీ ఉన్న గడిలో కంటే దానికి గాలివాలున ఉన్న గడిలో వాయువు ఎక్కువగా కనిపించవచ్చు. ఒక పరిశ్రమ పొగను పక్క పరిశ్రమకు అంటగట్టే పొరపాటు ఇలాగే జరుగుతుంది.

లెక్కలు పొసగని చోట ఏం తేలింది

2016లో వెలువడిన ఒక ప్రపంచ స్థాయి అధ్యయనం ఓఎంఐ సమాచారం నుంచి దాదాపు 500 సల్ఫర్ డయాక్సైడ్ వనరులను గుర్తించింది. వాటిలో సుమారు 40 ఏ అధికారిక పట్టికలోనూ లేవు. ఎక్కువ భాగం పశ్చిమాసియాలో ఉన్నాయి. మనుషుల వల్ల ప్రపంచవ్యాప్తంగా వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌లో వీటి వాటా 6 నుంచి 12 శాతం. ఏటా సుమారు 30,000 టన్నులకు మించి వదిలే వనరులే ఓఎంఐకి స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి, అంతకంటే చిన్నవి ఈ వలలో పడవు. మార్పును పట్టుకోవడంలో ఇదే పరికరం మరింత ఉపయోగపడింది. 2007 తర్వాత చైనా ఉద్గారాలు 75 శాతం తగ్గగా, భారత్ ఉద్గారాలు 50 శాతం పెరిగాయని 2017లో ప్రచురితమైన విశ్లేషణ తేల్చింది. ఉపగ్రహ లెక్కలోని గుణకాల్లో ఉండే స్థిరమైన తప్పు రెండు వేర్వేరు సంవత్సరాల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, పోలికలో అది చాలావరకు రద్దవుతుంది. ఉపగ్రహ అంచనాల్లో ధోరణులు మొత్తాల కంటే గట్టివి కావడానికి కారణం ఇదే.

చైనాలోనే మరో పోలిక ఇంకా ఆలోచింపజేస్తుంది. 2014 జులైలో బొగ్గు విద్యుత్ కేంద్రాలకు కఠిన ప్రమాణాలు అమల్లోకి వచ్చాక, చిమ్నీలలోని పరికరాలు సల్ఫర్ డయాక్సైడ్ గాఢత సగటున 13.9 శాతం తగ్గినట్లు చూపాయి. పరిశోధకులు దాన్ని ఉపగ్రహ సమాచారంతో పోల్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. ప్రమాణాలు అంత బిగుతుగా లేని ప్రాంతాల్లో రెండూ పొంతన కుదిరాయి. అతి కఠిన ప్రమాణాలు పెట్టిన కీలక ప్రాంతాల్లో మాత్రం, చిమ్నీ పరికరం చూపిన తగ్గుదల ఉపగ్రహానికి కనబడలేదు. నియమం ఎంత బిగిస్తే కొలత మీద ఒత్తిడి అంత పెరుగుతుందన్న అనుమానానికి ఇది బలమిచ్చింది. కొలిచేవారు, కొలవబడేవారు ఒకరే అయినచోట బయటి కొలత ఎందుకు అవసరమో ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ అరుదు.

అన్ని అంతరాలూ ఇలాంటివే కావు. కెనడాలోని అథబాస్కా తైల ఇసుక గనుల మీదుగా విమానంలో కొలతలు తీసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, గాలిలోకి చేరుతున్న సేంద్రియ కర్బనం నివేదించిన దానికంటే 1,900 నుంచి 6,300 శాతానికి పైగా ఎక్కువని తేలింది. ఇందులో పెద్ద భాగం, నెమ్మదిగా ఆవిరయ్యే బరువైన పదార్థాలది. నివేదికల నిబంధనలు వాటిని సరిగా లెక్కలోకి తీసుకోవు. అంటే కొలిచింది తప్పు కావడం కంటే, కొలవాల్సిన జాబితాయే చిన్నదన్నమాట. అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో 2000 సంవత్సరపు విమాన కొలతలు పెట్రోకెమికల్ కేంద్రాల ఎథిలీన్, ప్రొపిలీన్ ఉద్గారాలను పట్టికల కంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా చూపినప్పుడు, అక్కడి ఓజోన్ నమూనాలు ఎందుకు తప్పుతున్నాయో అర్థమైంది.

ఉపగ్రహం పాత్రే లేకుండా నేల మీది కొలతలు ఖండాంతర స్థాయిలో ఒక వనరును పట్టుకున్న సందర్భమూ ఉంది. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద 2010 నాటికి ప్రపంచమంతటా ఉత్పత్తి ఆగిపోవాల్సిన సీఎఫ్‌సీ-11 వాయువు అనుకున్నంత వేగంగా తగ్గడం లేదని 2018లో బయటపడింది. దక్షిణ కొరియాలోని గోసాన్, జపాన్‌లోని హటెరుమా కేంద్రాల కొలతలను గాలి వచ్చిన దారుల లెక్కతో కలిపి 2019లో విశ్లేషించగా, తూర్పు చైనాలో, ముఖ్యంగా షాన్‌డోంగ్, హెబే ప్రావిన్సుల పరిసరాల్లో ఏటా సుమారు 7,000 టన్నుల అదనపు ఉద్గారం తేలింది. ఆ తర్వాత ఉద్గారాలు తగ్గాయి. ఆయుష్షు దశాబ్దాలున్న వాయువు కాబట్టి దారిలో తరిగిపోవడమన్న చిక్కు లేదు; అందుకే వందల కిలోమీటర్ల దూరం నుంచి కూడా లెక్క కుదిరింది.

ఒక్కో కాలుష్యానికి ఒక్కో దారి

దీన్నిబట్టి ఏ వాయువుకు ఏ పద్ధతి నప్పుతుందో కొంత తెలుస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల పెద్ద వనరులను ఉపగ్రహం బాగా చూస్తుంది. మీథేన్ భారీ లీకులనూ చూస్తుంది: 2018 ఫిబ్రవరిలో ఒహాయోలో ఒక గ్యాస్ బావి పేలినప్పుడు, పదమూడో రోజున పైనుంచి వెళ్లిన ట్రోపోమి గంటకు సుమారు 120 టన్నుల లీకును లెక్కగట్టింది. కార్బన్ డయాక్సైడ్‌కు ఇబ్బంది పరిసరాల నిల్వే. పది లక్షల పాళ్లలో 400కు పైగా ఎప్పుడూ ఉండే ఆ వాయువులో, ఒక విద్యుత్ కేంద్రం పొగ ఉపగ్రహం గడిలో చేర్చేది తరచుగా ఒక పాలు, రెండు పాళ్లు మాత్రమే. అందుకే ఐరోపా సిద్ధం చేస్తున్న కార్బన్ డయాక్సైడ్ ఉపగ్రహాల్లో నైట్రోజన్ డయాక్సైడ్‌నూ పక్కనే కొలుస్తారు; పొగచార ఎక్కడుందో రెండోది చూపితే, అందులో మొదటిది ఎంతుందో వెతకడం తేలిక.

సూక్ష్మ ధూళి కణాలకు మాత్రం ఉపగ్రహం నుంచి నేరుగా ఉద్గారం రాబట్టడం కష్టం. అది చూసేది కణాల వల్ల కాంతి ఎంత మసకబారిందన్నదే. ఆ కణాల్లో చాలా భాగం చిమ్నీ నుంచి వచ్చినవి కావు, వాయువుల నుంచి గాలిలోనే తయారైనవి. బెంజీన్ వంటి విష పదార్థాలు తక్కువ మోతాదులోనే హాని చేస్తాయి, ఆ మోతాదు అంతరిక్షం నుంచి కనిపించదు. ఈ రెంటికీ చిమ్నీ, కంచె కొలతలకు ప్రత్యామ్నాయం లేదు.

నియంత్రణలోకి వచ్చేసరికి

రోజుకు ఒకసారి చూపు అన్న పరిమితి తగ్గుతోంది. 2020లో వెళ్లిన దక్షిణ కొరియా జెమ్స్ పరికరం ఆసియాను, 2023లో వెళ్లిన అమెరికా టెంపో ఉత్తర అమెరికాను, 2025లో వెళ్లిన సెంటినెల్-4 ఐరోపాను భూస్థిర కక్ష్య నుంచి పగటివేళ దాదాపు గంట గంటకూ చూసేలా తయారయ్యాయి. మధ్యాహ్నం 1.30కి పొగ తక్కువగా వదిలితే చాలు అనుకునే వీలు వీటితో పోతుంది. రాత్రి మిగిలే ఉంది. శుద్ధి యంత్రాన్ని రాత్రిపూట ఆపేశారా అన్న ప్రశ్నకు జవాబు చిమ్నీ పరికరపు గంటవారీ నమోదుల్లోనే దొరుకుతుంది. ఆ నమోదులు నెలసరి సగటుగా కుదించకుండా, పరికరం ఆగిన గంటలతో సహా బహిరంగంగా ఉన్నప్పుడే దొరుకుతుంది.

ఉపగ్రహ అంచనాను జరిమానాకు ఆధారంగా వాడటంలో ఇబ్బంది స్పష్టం. గాలివేగం, ఆయుష్షు, ఎత్తు ఊహల వల్ల ఒక్క రోజు అంచనాలో పదుల శాతం అటూఇటూ ఉండటం మామూలు. ఏ పరిశ్రమ న్యాయవాది అయినా దాన్ని వదలరు. అందుకే దాన్ని తీర్పుగా కాక, తనిఖీని మొదలుపెట్టే కారణంగా వాడే పద్ధతి బలపడుతోంది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2022 నవంబరులో ప్రకటించిన మీథేన్ హెచ్చరిక వ్యవస్థ చేసేది అదే: ఉపగ్రహంలో పెద్ద లీకు కనబడగానే సంబంధిత ప్రభుత్వానికి, సంస్థకు తెలియజేసి, నేల మీద సరిచూసి చర్య తీసుకోమంటుంది. సల్ఫర్, నైట్రోజన్ వాయువులకూ ఇదే క్రమం పనికొస్తుంది. అప్పుడు తనిఖీకి వెళ్లే అధికారి చేతిలో ఉండాల్సింది ఒక్క అంకె కాదు. ఎన్ని రోజుల సగటు అది, ఏ ఎత్తు గాలిని తీసుకున్నారు, ఆయుష్షును ఎంతగా ఊహించారు, పక్కనున్న వనరులను ఎలా వేరుచేశారు, అనిశ్చితి ఎంత అన్న వివరాలు కూడా దానితోపాటు ఉంటేనే, చిమ్నీ దగ్గర ఏ పరికరాన్ని ముందు విప్పి చూడాలో ఆ అధికారికి తెలుస్తుంది.